ఫ్రోజెన్ వైన్: బార్ కౌంటర్ వెనక నుంచి అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే మా బార్‌లో బీరు తర్వాత ఎక్కువగా అడిగేది ఫ్రోజెన్ వైనే, అంటే పండ్లతో కలిపి మెత్తటి ఐస్‌లా గడ్డకట్టించిన వైన్. లేత గులాబీ రంగు రోజే వైన్‌తో చేస్తే దాన్ని ఫ్రోజే అంటారు. మేం అందులో బంగినపల్లి ముక్కలు వేస్తాం. ఇంట్లో ప్రయత్నించినవాళ్లు "మాకు ఇలా రావట్లేదేంటన్నా?" అని అడుగుతుంటారు. కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది.

అపోహ: చక్కెర తగ్గించినా ఏం కాదు, రుచికేగా.

వాస్తవం: రుచికి మాత్రమే కాదు. ఆల్కహాల్, చక్కెర రెండూ కలిసి నీళ్లు రాయిలా గడ్డకట్టకుండా ఆపుతాయి. 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ మైనస్ 5 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, ఇంటి ఫ్రీజర్ మైనస్ 18లో ఉంటుంది. చక్కెర చాలకపోతే ఐస్ పలుకులు పెద్దవై పంటికింద కరకరలాడతాయి. మరీ ఎక్కువైతే పానకమే. పుచ్చకాయతో చేస్తే చాలామందికి బెడిసికొట్టేది ఇందుకే, అందులో 90 శాతానికి పైగా నీళ్లు. బంగినపల్లికి తీపీ ఉంది, గుజ్జూ ఉంది. రసాలైతే పీచు వడకట్టుకోవాలి.

పైగా బాగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి సరిగ్గా తెలియదు. అందుకే కలిపేటప్పుడు రుచి చూస్తే "కాస్త ఎక్కువైందే" అనిపించాలి.

నా కొలత ఇది: 750 మి.లీ. రోజే, 400 గ్రాముల మామిడి ముక్కలు, చక్కెరా నీళ్లూ సమంగా కలిపి కాచి చల్లార్చిన సిరప్ 100 మి.లీ., నిమ్మరసం 30 మి.లీ. అన్నీ మిక్సీ పట్టి, వెడల్పాటి డబ్బాలో ఆరేడు గంటలు ఫ్రీజర్లో ఉంచి, పోసే ముందు మళ్లీ ఒక్క తిప్పు. "కిక్ కోసం" అని వోడ్కా కుమ్మరిస్తే మాత్రం జావలా ఉండిపోతుంది.

అపోహ: వైన్‌లో ఐస్ వేసి మిక్సీ పడితే సరి.

వాస్తవం: అప్పటికి బాగానే ఉంటుంది. పది నిమిషాలాగితే నీళ్ల వైన్. గడ్డకట్టాల్సింది వైన్, పండ్లు. బాటిల్‌ని మాత్రం అలాగే ఫ్రీజర్లో పడుకోబెట్టకండి, గడ్డకట్టేటప్పుడు నీరు వ్యాకోచించి కార్కు తన్నుకొస్తుంది, లేదా గాజు పగులుతుంది.

అపోహ: మెషీన్ లేకపోతే రాదు.

వాస్తవం: 1971లో అమెరికాలోని డల్లాస్‌లో మరియానో మార్టినెజ్ అనే రెస్టారెంట్ యజమాని సాఫ్ట్ ఐస్‌క్రీమ్ మెషీన్‌ని మార్చి ఫ్రోజెన్ మార్గరిటా (టెకీలా, నిమ్మరసం కలిపే కాక్‌టెయిల్) తీశాడు. ఆ మెషీన్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆయన బాధల్లా బ్లెండర్‌తో అంతమందికి, ఒకే రుచితో అందించలేకపోవడం. ఇంట్లో ఆరుగురికి చేసుకునేటప్పుడు ఆ బాధ లేదు, మిక్సీ చాలు.

అపోహ: గడ్డకడితే మందు తగ్గిపోతుంది.

వాస్తవం: ఒక్క చుక్క కూడా ఎక్కడికీ పోదు. పై కొలతకు 200 మి.లీ. గ్లాసులు ఆరు వస్తాయి. ఒక్కో గ్లాసులో 125 మి.లీ. వైన్, అంటే దాదాపు ఒక 330 మి.లీ. పింట్ బీరులో ఉన్నంత ఆల్కహాల్. చల్లదనం, తీపి కలిసి ఆ ఘాటును కప్పేస్తాయి కాబట్టి జ్యూస్ తాగినట్టు తాగేస్తారు. ఇంకో తిరకాసు, కరిగేటప్పుడు ఆల్కహాల్, తీపి ముందు కిందికి దిగుతాయి. ఐస్ గోలా పీలిస్తే రంగంతా ముందే వచ్చేసి తెల్ల ఐస్ మిగులుతుంది చూడండి, అలాగే. స్ట్రాతో అడుగు నుంచి లాగేవాళ్లకు మొదటి గుక్కలే గట్టిగా తగులుతాయి. కలుపుతూ తాగమని అందుకే చెబుతాను.

అపోహ: పండ్లున్నాయి, ఐసుంది, ఒంటికి చలవ చేస్తుంది.

వాస్తవం: నోటికి చలవ, అంతవరకే. ఆల్కహాల్ మూత్రం ఎక్కువ పోయిస్తుంది, ఎండాకాలంలో ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి. నేను గ్లాసు పక్కన మంచినీళ్లు అడక్కుండానే పెడతాను. "వైన్ గుండెకు మంచిది" అనేవాళ్లూ ఉంటారు. ఇంత తాగితే ఆరోగ్యానికి సురక్షితం అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. ఇష్టమైతే తాగండి, ఔషధం అనుకుని మాత్రం కాదు.

అపోహ: ఇది ఆడవాళ్ల డ్రింక్.

వాస్తవం: శనివారం రాత్రి మా కౌంటర్ దగ్గరికొచ్చి చూడండి.

అపోహ: మిగిలింది పారబోయాల్సిందే.

వాస్తవం: గాలి చొరని డబ్బాలో వారం ఉంటుంది. మూత సరిగ్గా లేకపోతే పక్కనున్న చేపల వాసన పట్టేస్తుంది. డబ్బా మీద "వైన్" అని పెద్ద అక్షరాలతో రాయండి. చూడ్డానికి అచ్చం మ్యాంగో ఐస్‌లా ఉంటుంది, ఫ్రిజ్ తెరిచేది ముందు పిల్లలే.