టీవీ శబ్దం పాడైతే బయటి స్పీకర్లు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో టీవీల మరమ్మతు చేసేవారికి బొమ్మ చక్కగా ఉండి శబ్దం మాత్రమే గరగరలాడే, లేదా పూర్తిగా ఆగిపోయే సెట్లు కొత్త కాదు. వాటిని తెచ్చేవారిలో చాలామంది, ఇంట్లో ఉన్న పాత హోమ్ థియేటర్‌ను కలిపేస్తే పని అయిపోతుందని ముందే నిర్ణయించుకుని వస్తారు. ఆ ఆలోచన కొన్నిసార్లు సరైనదే, కానీ దాని చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: లోపం ఏదైనా బయటి స్పీకర్లు తగిలిస్తే శబ్దం బాగుపడుతుంది.

వాస్తవం: శబ్దం మెయిన్ బోర్డులోని ప్రాసెసర్ నుంచి సౌండ్ ఐసీకి (శబ్ద సంకేతాన్ని పెంచే చిప్పుకు), అక్కడి నుంచి స్పీకర్లకు వెళుతుంది. చెడిపోయినది సౌండ్ ఐసీ గాని, స్పీకరు గాని అయితే బయటి స్పీకర్లు నిజంగానే పరిష్కారం, ఎందుకంటే ఆప్టికల్ (శబ్దాన్ని వెలుగుగా పంపే కేబుల్), హెచ్‌డీఎంఐ మార్గాలు ఆ రెండింటినీ తప్పించుకుని బయటికి వస్తాయి. లోపం సౌండ్ ఐసీ కంటే ముందే ఉంటే ఎంత ఖరీదైన సౌండ్‌బార్ పెట్టినా అదే గరగర వినిపిస్తుంది. కనుక ముందుగా పెన్‌డ్రైవ్‌లో ఒక పాట వేసి చూడాలి. అది బాగా వినిపిస్తే లోపం సెట్ టాప్ బాక్స్‌దో, దాని కేబుల్‌దో అవుతుంది. పాట కూడా పాడుగానే ఉంటే ఇయర్‌ఫోన్ పెట్టి వినాలి. అందులో స్వచ్ఛంగా ఉంటే అనుమానించవలసినది టీవీ స్పీకర్లనూ సౌండ్ ఐసీనీ మాత్రమే.

అపోహ: శబ్దం బొత్తిగా రాకపోతే స్పీకర్లు కాలిపోయినట్టే.

వాస్తవం: పెదవాల్తేరు, జాలారిపేట వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి ఇయర్‌ఫోన్ రంధ్రంలోని రేకులు పచ్చగా చిలుము పట్టి, లోపల పిన్ను లేకపోయినా ఉన్నట్టే అంటుకుపోతాయి. అప్పుడు టీవీ తన స్పీకర్లను తానే ఆపేసుకుంటుంది. వాల్యూమ్ పెంచినప్పుడు తెర మీద హెడ్‌ఫోన్ గుర్తు కనిపిస్తే ఇదే కారణం అయి ఉంటుంది. సెట్‌ను ఆపి, పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీస్తే చాలాసార్లు శబ్దం తిరిగి వస్తుంది. అప్పటికీ రాకపోతే కాంటాక్ట్ క్లీనర్ వాడాలే తప్ప వంటింటి నూనె చుక్క వేయకూడదు.

అపోహ: వెనక మూత విప్పి, లోపలి స్పీకరు తీగలను హోమ్ థియేటర్ పిన్నుకు అతికిస్తే సరిపోతుంది.

వాస్తవం: సెట్లను పూర్తిగా చంపేసే పని ఇదే. నేటి ఎల్‌ఈడీ టీవీలలో చాలావాటిలో సౌండ్ ఐసీ ఒక్కో స్పీకరుకు ఇచ్చే రెండు తీగలూ సజీవమైనవే, అంటే రెండింటిలోనూ సంకేతం ఉంటుంది. వాటిలో నల్ల తీగ నేల తీగ కాదు. హోమ్ థియేటర్ ఇన్‌పుట్ పిన్నులో బయటి వలయం మాత్రం గ్రౌండ్, అంటే నేల తీగ. దానికి ఆ నల్ల తీగను కలపగానే ఐసీ అవుట్‌పుట్ నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ కావచ్చు. ఆ ఐసీ సాధారణంగా మెయిన్ బోర్డు మీదే ఉంటుంది కాబట్టి, స్పీకరు మారిస్తే పోయే ఖర్చు బోర్డు మార్చేదాకా వెళుతుంది. స్పీకరునే మార్చదలిస్తే వెనక ముద్రించిన ఓమ్‌లు (స్పీకరు నిరోధం) తప్పక సరిచూడాలి: 8 ఓమ్‌ల చోట 4 ఓమ్‌లది పెడితే ఐసీ నుంచి లాగే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. పాత పెట్టె టీవీలలో కొన్నింటి చాసిస్ (లోపలి చట్రం) నేరుగా ఇంటి కరెంటుతో ముడిపడి ఉంటుంది. వాటిలో ఇలాంటి ప్రయోగం ప్రాణానికే ముప్పు.

అపోహ: ఇయర్‌ఫోన్ రంధ్రంలో ఏ స్పీకరు పెట్టినా మోగుతుంది.

వాస్తవం: అక్కడ వచ్చేది ఇయర్‌ఫోన్‌కు సరిపడే బలహీనమైన సంకేతం. కరెంటు ప్లగ్గు లేని, రెండు తీగలు మాత్రమే ఉన్న చెక్కపెట్టె స్పీకరుకు మధ్యలో ఆంప్లిఫయర్ తప్పనిసరి.

అపోహ: ఆప్టికల్ కేబుల్ పెట్టినా శబ్దం రాకపోతే కేబుల్ పాడైనట్టు.

వాస్తవం: ముందుగా కేబుల్ కొనల మీది ప్లాస్టిక్ టోపీలు తీశారో లేదో చూడాలి, అవి తీయకుండానే కేబుల్ మార్చమని అడిగేవారు ఉన్నారు. ఆ తర్వాత టీవీ సెట్టింగులలో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి) మార్చాలి, ఎందుకంటే టీవీ డాల్బీ అనే కుదించిన సంకేతం పంపుతుంటే దాన్ని విప్పలేని చవక పరికరం మౌనంగా ఉంటుంది.

అపోహ: సౌండ్‌బార్‌ను ఏ హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టినా ఒకటే.

వాస్తవం: 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో మొదలైన ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే సౌండ్‌బార్‌కు పంపే) సౌకర్యం ఆ అక్షరాలు రాసి ఉన్న రంధ్రానికే ఉంటుంది, చాలా సెట్లలో సీఈసీని (కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నియంత్రించుకునే సెట్టింగును) కూడా ఆన్ చేయాలి. దీనికోసం బంగారు పూత కేబుల్ కొననవసరం లేదు.

బ్లూటూత్ విషయంలో ఒక్క మాట చాలు: పాటలకు అది ఇబ్బంది పెట్టదు, వార్తలకు, సినిమాలకు మాత్రం పెదవుల కదలిక ముందు, మాట వెనక అవుతుంది. టీవీలో ఆడియో ఆలస్యం సర్దే సెట్టింగు ఉంటే కొంత మేలు, లేకపోతే తీగే నయం.

అపోహ: స్పీకర్లలో గుయ్‌మనే హమ్ వస్తే ఎర్త్ పిన్ను తీసేయాలి.

వాస్తవం: హమ్ తగ్గినా, లోపం ఏర్పడినప్పుడు పరికరం ఒంటి మీదికి కరెంటు వచ్చే ప్రమాదం మిగిలిపోతుంది. టీవీనీ ఆంప్లిఫయర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపి, కేబుల్ టీవీ తీగను ఒకసారి ఊడదీసి వినాలి. హమ్ ఆగితే ఆ తీగ మీద ఒక ఐసొలేటర్ (ఆ తీగ గుండా వచ్చే అనవసర కరెంటును ఆపే చిన్న పరికరం), లేదా టీవీకీ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఆప్టికల్ కేబుల్ పెడితే సరిపోతుంది, ఎందుకంటే ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుగే గాని కరెంటు కాదు.