సెల్ నుంచి బయటికొస్తే అయిపోయినట్టేనా? జైలు లోపల ఖైదీలకు వేసే శిక్షలపై అపోహలు - వాస్తవాలు

ములాఖత్ చూసుకుని తిన్నగా మా లాయర్ ఆఫీసుకొచ్చే కుటుంబాలు తరచూ అనే మాట ఒకటుంది. "మావాణ్ని శిక్షగా ఒంటరి సెల్‌లో వేశారంట సార్. పది రోజులకు మళ్లీ బ్యారక్‌కి పంపేశారు. ఇంక గొడవెందుకులెండి."

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. సెల్‌లో రోజులు గడిచిపోతాయి, పనిష్మెంట్ బుక్‌లో ఎంట్రీ మాత్రం అలాగే ఉంటుంది. శిక్షగా రిమిషన్, అంటే మంచి ప్రవర్తనకు శిక్షాకాలంలో ఇచ్చే తగ్గింపు రోజులు, కోస్తే విడుదల ఆ మేరకు వెనక్కి పోతుంది. రేపు పెరోల్ అడిగినా, కాపలా తక్కువుండే ఓపెన్ ఎయిర్ జైలుకు మార్చమన్నా ముందు తిరగేసేది ప్రవర్తన రికార్డునే.

ఒకావిడ కొడుకు వస్తాడని కొత్త బట్టలు కూడా కొని పెట్టుకుంది. అనుకున్న తేదీ దాటింది, అతను రాలేదు. ఆరా తీస్తే, ఎప్పుడో బ్యారక్‌లో సెల్‌ఫోన్ దొరికిందని రిమిషన్ కోసేశారు. "ఫోన్ మావాడిది కాదు సార్, ఒట్టు" అని ఒకటే ఏడుపు. అమ్మా, ఫోన్ ఎవరిదో హైకోర్టు తేల్చదు అని చెప్పాను. అక్కడ మనం వేసే రిట్ పిటిషన్ అప్పీలు కాదు. అభియోగం చెప్పారా, అతని జవాబు విన్నారా, ఆధారమేంటి, వేసిన శిక్షకు అధికారం ఉందా అన్నవే చూస్తారు. ఆ ఎంట్రీ నకలు తెప్పిస్తే సాక్షుల పేర్లుండాల్సిన చోట ఏమీ లేదు. తీవ్రమైన జైలు నేరమైతే ఆ పేర్లు రాయాలని 1894 జైళ్ల చట్టం సెక్షన్ 51 చెబుతోంది. మా వాదనంతా దాని మీదే. అయినా జడ్జిగారు మొదట అడిగింది, ఇన్నాళ్లూ ఏం చేశారని!

"లోపల సూపరింటెండెంట్ మాటే ఫైనల్" అన్నది ఇంకో పుకారు. ఎవరు పుట్టిస్తారో గానీ విని విని విసుగొచ్చింది. సునీల్ బాత్రా అనే ఖైదీ రెండో కేసు ఆయన సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరంతోనే మొదలైంది. ఒంటరి సెల్, సౌకర్యాల కోత, శిక్షలాంటి బదిలీ ఇవేవీ సెషన్స్ జడ్జి పరిశీలన లేకుండా కుదరవనీ, అత్యవసరమైతే రెండు రోజుల్లో తెలియజేయాలనీ 1979లో కోర్టు చెప్పింది.

"జైలుకెళ్తే హక్కులన్నీ పోతాయి" అనేవాళ్లకు, పోవని 1974లోనే విశాఖ సెంట్రల్ జైలు ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "లాయరుకు డబ్బుల్లేవు" అంటే, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ను ఇస్తుంది.

"కోర్టుకెక్కితే లోపల సతాయిస్తారు" అన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. నా బిడ్డ లోపలుంటే నాకూ అదే టెన్షన్. అందుకే సతాయింపు మొదలైందని తెలిసిన రోజే, తేదీలతో సహా సెషన్స్ జడ్జికి రాసి పెట్టండి.

ఈసారి ములాఖత్‌లో తిన్నావా, పడుకున్నావా అన్నాక ఇవీ అడగండి. ఏ తేదీన, ఏ ఆరోపణ మీద శిక్ష వేశారు? దేని మీద సంతకం పెట్టించుకున్నారు? రిమిషన్ ఎన్ని రోజులు పోయింది?