అనంతపురం మిద్దెతోటలు: అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో పెరట్లోనో మిద్దె మీదో కూరగాయలు పెంచుకోవాలనుకునే వారికి నేను ఆదివారం పూట తరగతులు నిర్వహిస్తున్నాను. కొత్తగా చేరినవారిని ఎందుకు వచ్చారని అడిగితే చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే: "నా చెయ్యి మంచిది కాదు మేడం, ఏ మొక్క పెట్టినా నిలవదు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అలా ఎండిపోయిన మొక్కల్లో చాలావాటికి కారణం హస్తవాసి కాదు. మన ఊరి ఎండ, గాలి, నీళ్లలోని ఉప్పు, విత్తనం వేసిన నెల అనే నాలుగింటిని ఎవరూ వారికి వివరించి చెప్పకపోవడమే అసలు కారణం. పడమటి కనుమల చాటున, తూర్పు తీరానికి దూరంగా ఉన్న ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. మనకు 200 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో అది 900 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్కడి మిద్దె మీద తీసిన వీడియోలో చెప్పిన పద్ధతిని, అదే నెలలో, అదే కొలతతో ఇక్కడ పాటిస్తే ఫలితం వేరుగానే ఉంటుంది.

అపోహ: ఉగాదికి తోట మొదలుపెడితే శుభం.

కొత్త సంవత్సరం రోజున విత్తనం వేయాలన్న ఉత్సాహాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఉగాదికి మొలిచిన టమాటా పూతకు వచ్చేది మే నెలలో, అంటే రోళ్ళు పగిలే రోహిణి కార్తె ముంగిట్లో. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి శక్తి కోల్పోతుంది, పూలు కాయ కట్టకుండానే రాలిపోతాయి. అప్పుడు ఎంత ఎరువు వేసినా ప్రయోజనం ఉండదు. మృగశిర తరువాత ఎండ తగ్గినా గాలి మొదలవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆ పడమటి గాలే జూన్ నుంచి ఆగస్టు వరకు మన మిద్దె మీది బీర, కాకర తీగలను చీల్చివేస్తుంది, కుండీల్లోని తేమను లాగేస్తుంది. అందువల్ల పడమటి వైపు ఒక షేడ్‌నెట్ తెర కట్టుకోవడం మిద్దెతోటకు చేసే మొదటి పని కావాలి.

మనకు ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. "ఉత్తర చూసి ఎత్తర గంప" (ఉత్తర కార్తెలో వాన పడుతుందేమో చూసి, పడకపోతేనే గంప ఎత్తుకుని వలస వెళ్లు) అని పెద్దలు అన్నది ఈ నెల మీద పెట్టుకున్న ఆశతోనే. నా తరగతులను కూడా ఆ లెక్క ప్రకారమే నడుపుతాను. జూన్, జూలైల్లో బెండ, గోరుచిక్కుడు, అలసంద, చిక్కుడు విత్తిస్తాను. ఆగస్టు చివర టమాటా, వంగ, మిరప నారు పోయిస్తాను. అక్టోబరు, నవంబరుల్లో కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి వేయిస్తాను. వేసవిలో సగం ఎండను ఆపే వల కింద తోటకూర, బచ్చలి, వల అవసరం లేని గోరుచిక్కుడు చాలు. ఆ మూడు నెలలు మిగతా కుండీలను ఖాళీగా ఉంచడంలో తప్పేమీ లేదు.

అపోహ: ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోస్తే మొక్కకు నీళ్లు సరిపోతాయి.

ఒక ఆదివారం ఒక పెద్దావిడ తన మిరప కుండీని కొడుకు బండి మీద పెట్టించుకుని తెచ్చారు. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. "రెండు పూటలా పోస్తున్నానమ్మా, కింది రంధ్రం నుంచి కారేంత వరకూ పోస్తున్నాను" అన్నారు. పాత దినపత్రికలు పరిచి అందరి ముందూ ఆ కుండీని బోర్లించాం. పైన రెండు వేళ్ల మందం మట్టి తడిగా ఉంది. దాని కింద ఉన్నదంతా పొడి. వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. మొక్క వేళ్లన్నీ పైన ఉన్న ఆ పలుచటి తడి పొరలోనే చుట్టుకుని ఉన్నాయి. కొబ్బరిపొట్టు ఎక్కువగా కలిపిన మట్టి ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే కుంచించుకుపోయి కుండీ గోడను వదిలేస్తుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి కింది రంధ్రం గుండా బయటికి వస్తాయి. చూసేవారు మట్టి తడిసిందనుకుంటారు. ఆ కుండీని అరగంట సేపు నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు రావడం ఆగిన తరువాత తీసి పక్కన పెట్టాం. రెండు వారాల తరువాత ఆమె ఫోన్లో చూపించిన చిత్రంలో కొత్త చిగుళ్లు కనిపించాయి.

కాబట్టి గడియారం చూసి కాక, మట్టిలోకి వేలి రెండో కణుపు వరకు దించి చూసి నీళ్లు పోయాలి. పోసినప్పుడు అడుగు వరకు తడిసేలా నిదానంగా పోయాలి. మధ్యాహ్నం బీర, సొర, గుమ్మడి ఆకులు వాలిపోతే కంగారుపడవలసిన పని లేదు. ఆ ఎండలో వేళ్లు అందించే నీటి కంటే ఆకులు వదిలే నీరు ఎక్కువ కావడం వల్ల అవి వాలుతాయి, సాయంత్రానికి లేస్తాయి. తెల్లవారేసరికి కూడా లేవకపోతేనే ఆలోచించాలి. అలాగే ఎండలో పడి ఉన్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి గనుక వాటిని బకెట్లోకి వదిలేసి, చల్లటి నీళ్లు వచ్చాకే మొక్కల వైపు తిప్పాలి.

తేమను నిలపడానికి మన ఊరిలో చౌకగా దొరికే వస్తువు ఒకటుంది. అది వేరుశనగ పొట్టు, మనం బుడ్డల పొట్టు అనేది. కుండీలో మట్టి మీద రెండంగుళాల మందాన పరిస్తే వేసవిలో నీళ్లు పోయవలసిన పూటలు స్పష్టంగా తగ్గుతాయి. దానిని మట్టిలో మాత్రం కలపకూడదు. కుళ్లేటప్పుడు అది మట్టిలోని నత్రజనిని వాడుకుంటుంది, అంతవరకు మొక్కకు అందదు. నేల మీది పెరటి తోటలో చెదలు కనిపిస్తే పొట్టును కాండానికి తగలకుండా ఒక జానెడు దూరంగా జరపాలి.

అపోహ: ఆర్వో మిషన్ వదిలే నీళ్లు మొక్కలకు పోస్తే నీటి పొదుపూ అవుతుంది, మొక్కలకూ మేలు.

ఈ సలహాను మొదటి ఏడాది నేను కూడా ఇచ్చాను, దాని వల్ల కొందరి మొక్కలు దెబ్బతిన్నాయి. అందుకే ఈ విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నాను. ఆర్వో మిషన్ ఉప్పును మాయం చేయదు, ఒక వైపు నుంచి మరొక వైపుకు నెడుతుంది. మూడు లీటర్ల బోరు నీటిలోంచి ఒక లీటరు తాగునీరు తీస్తే, ఆ మూడు లీటర్ల ఉప్పు దాదాపు అంతా మిగిలిన రెండు లీటర్లలోనే ఉంటుంది. బోరు నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 800 ఉంటే బయటికి వదిలే నీటిలో అది 1200 దగ్గర ఉంటుంది. సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో 450 లోపు ఇబ్బంది లేదని, 2000 దాటితే తీవ్రమైన ఇబ్బంది అని ఉంది. నేల మీది తోటలో ఈ ఉప్పును వాన కిందికి దించేస్తుంది, కుండీలో అది పోగుపడుతుంది. కుండీ అంచున తెల్లటి పొర, ముదురాకుల కొనలు మాడి గోధుమరంగుకు తిరగడం దాని గుర్తులు. బీన్స్ ఈ ఉప్పును అసలే తట్టుకోదు. బీట్‌రూట్, అలసంద కొంత తట్టుకుంటాయి.

ఆ నీళ్లను ఇల్లు తుడవడానికి వాడుకోవడం మేలు. బోరు నీళ్లే పోయవలసి వచ్చినప్పుడు నెలకొకసారి కుండీలోంచి బాగా కారిపోయేలా నిండా పోస్తే పోగుపడిన ఉప్పు కొంత దిగిపోతుంది. ఆ పనికి వాననీళ్లయితే మరీ మంచిది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదిలో సుమారు 50 వేల లీటర్ల వాన పడుతుంది. సెప్టెంబరులో రెండు డ్రమ్ములైనా పట్టి మూత పెట్టుకున్నవారికి నారు మొక్కల కాలమంతా మంచి నీళ్లకు కొదవ ఉండదు. ఇంటికి ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లను మొక్కలకు అసలు పోయకూడదు. అది కాల్షియాన్ని తీసేసి సోడియాన్ని చేరుస్తుంది, సోడియం మట్టిని బిగుసుకుపోయేలా చేస్తుంది. తోట కొళాయిని సాఫ్ట్‌నర్‌కు ముందే విడదీయించుకోవాలి.

అపోహ: ఆకు పసుపు పచ్చగా మారితే యూరియా చల్లాలి.

ముదురాకులు ముందుగా పసుపుబారితే నత్రజని తక్కువైనట్టు, కాబట్టి ఎరువు వేయవచ్చు. లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. మన మట్టికి ఎరుపు వచ్చింది ఇనుము వల్లే కదా, లోపం ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ మన బోరు నీటిలోని సున్నపు గుణం దానిని వేరు తీసుకోలేని రూపంలో బిగించేస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. వారం వ్యవధిలో రెండు మూడుసార్లు చేస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. కరివేపాకుకు పులిసిన మజ్జిగ పోయడం ఎన్నో ఇళ్లలో అలవాటు. పలుచగా పోస్తే హాని లేదు, అయితే బోరు నీటి సున్నపు గుణం ముందు ఆ పులుపు ఎక్కువసేపు నిలవదు. టమాటా అడుగున నల్లమచ్చ రాకూడదని వేసే గుడ్డు పెంకుల పొడి కూడా సున్నమే, సున్నం ఎక్కువైన మట్టిలో అది కరగదు. ఆ నల్లమచ్చ రావడానికి చాలా ఇళ్లలో కారణం నీళ్లు ఒకరోజు వరదగా, మరో రెండు రోజులు శూన్యంగా ఉండడం.

అపోహ: చెరువు మట్టి నింపితే ఇంకేమీ అక్కర్లేదు.

ఎర్రనేల చేలకు చెరువు మట్టి తోలడం మంచి పద్ధతి. కుండీలో మాత్రం ఆ బంకమట్టి ఎండితే రాయిలా బిగిసి పగుళ్లు ఇస్తుంది. రెండు పాళ్ల ఎర్రమట్టి, రెండు పాళ్ల మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి చాలు. చెరువు మట్టి వేయాలనుకుంటే ఎర్రమట్టిలో పావు వంతుకు బదులుగా వేసుకోవచ్చు.

అపోహ: మొక్కలు పెడితే మిద్దె ఉరుస్తుంది.

నీరు నిలిచిన చోటే మిద్దె ఉరుస్తుంది. కుండీలను ఇటుకల మీద ఎత్తి పెట్టి, వాలును మూయకుండా చూసుకోవాలి. ఇరవై లీటర్ల సంచి తడిస్తే దాదాపు 30 కిలోలు తూగుతుంది గనుక బరువైనవన్నీ శ్లాబు నడుమ కాక గోడల మీదుగా, దూలాల మీదుగా ఉంచాలి.

అపోహ: చిక్కుడు పాదు ఏపుగా పెరిగి పూయకపోతే అది గొడ్డు పాదు.

ప్రతి ఆగస్టులో ఎవరో ఒకరు కత్తి పట్టుకునే ముందు నాకు ఫోన్ చేస్తారు. పందిరి చిక్కుడు పగలు కురచ అయితేనే పూసే మొక్క. జూలైలో ఎంత బలంగా ఉన్నా పూయదు, పాదును కోసేయడం, బలానికి మందులు పోయడం రెండూ వృథా. ఏ కాలంలోనైనా కాసే పొట్టి రకాలు ఇప్పుడు వేరుగా దొరుకుతున్నాయి, పందిరి రకాలకు మాత్రం ఈ నియమం తప్పదు. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే. ఆ పండుగ మాఘమాసంలో వస్తుంది, పాదు నిండుగా కాసే రోజులు కూడా అవే. ఆషాఢంలో విత్తి, పందిరి గట్టిగా వేసి, పూత వచ్చేదాకా ఆకులకు పేనుబంక పట్టకుండా చూసుకుంటే చాలు. దీపావళి దాటాక మొదటి పూగుత్తులు కనిపిస్తాయి.