తట్టుడు ఎక్కడి నుంచి?

తెనాలి,
ఆదివారం పొద్దున

ఒరే పెద్దోడా, అమ్మలూ,

మీరు పంపిన వీడియోలు రెండూ ఒక పదిసార్లు విన్నాను. చూడటం కాదు, కళ్లు మూసుకుని వినడమే. "పొద్దున్నే ఆ టకటకేంటి" అని మీ నానమ్మ కసురుకుంటే పెరట్లోకి పోయి మళ్లీ విన్నాను.

నిరుడు ఒహాయోలో మీ ఇంటికొచ్చినప్పుడు షెడ్డు మూలన దుమ్ము కొట్టుకుపోయి ఉన్న ఆ గడ్డి కోసే ట్రాక్టరు నాకు బాగా గుర్తు. దాని 12 హార్స్‌పవర్ ఇంజన్ని మీరిద్దరే విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్ వేసి మళ్లీ నడిపించారంటే ఇక్కడ వీధిలో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడేమో లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టుందని టెన్షన్ పడుతున్నారు. "మళ్లీ విప్పేయమంటావా తాతయ్యా?" అని అడిగారు.

అప్పుడే వద్దు. విప్పిన ఇంజను మాట్లాడదు. నడుస్తున్నప్పుడే దాన్ని అడగాల్సినవన్నీ అడిగేయాలి. అలాగని గంటల తరబడి తిప్పకండి. తట్టుడు క్షణక్షణానికీ బరువెక్కుతుంటే వెంటనే ఆపేయండి. షెడ్డులో కాదు, బయటికి తోసుకొచ్చి నడపండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు. అమ్మలూ, నువ్వు జడ ముడేసుకో.

ముందు ఆయిల్ చూడండి. మీ ఇంజన్లో ఆయిల్ పంపు లేదు. పిస్టన్‌ని కింద తిరిగే క్రాంకు ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ అడుగున ఉండే చిన్న గరిటె లాంటి ముక్క ఆయిల్లో మునిగి లేస్తూ చిమ్ముతుంది, లోపల అన్నిటికీ అదే తిండి. లెవెల్ తగ్గితే గరిటెకు అందదు.

తర్వాత బయట వెతకండి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. 1983 దాళ్వాలో కొల్లిపర వైపు ఒక రైతు ఆయిలింజను పూర్తిగా విప్పి కొత్తగా కట్టాను. స్టార్ట్ చేస్తే ధణ్ ధణ్. నాట్ల మీద ఉన్నాడు పాపం, నీళ్లు కావాలి. రాత్రికి రాత్రి విప్పి పిస్టన్ చూశా, రాడ్ చూశా, అన్నీ బాగున్నాయి. బిగించా, మళ్లీ అదే మోత. రెండోసారి విప్పా. రెండు గాస్కెట్లు, రెండు రాత్రులు పోయాయి. మూడో రోజు మా షాపులో పనిచేసే పెద్దాయన వచ్చి, ఏమీ విప్పకుండా ఫ్లైవీలు అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. చక్రం కదిలింది, షాఫ్టు కదల్లేదు. ఆ రెండింటినీ కలిపి పట్టే చిన్న ఇనప ముక్క, కీ అంటామే, అది వదులుగా ఉంది. నా వైపు చూసి ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండేది.

అందుకని మీరూ స్పార్క్ ప్లగ్ వైరు తీసేసి (ఇది మర్చిపోతే చేయి పోతుంది) ఫ్లైవీలును చేత్తో ఊపి చూడండి. నట్టు టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే పానాతో) బిగించారా, చేతి అంచనాతోనా? కీ కొంచెం నలిగినా స్పార్క్ టైమింగు, అంటే నిప్పురవ్వ పడే వేళ, జరిగిపోతుంది; అప్పుడు తట్టుడు రెండు రకాలుగా వస్తుంది, వదులైన చక్రం వల్ల ఒకటి, వేళ తప్పిన మంట వల్ల ఒకటి. క్రాంకు రెండో చివర పుల్లీ, బ్లేడ్లు తిప్పే క్లచ్చి, ఇంజను కింద నాలుగు బోల్టులు, సైలెన్సరు, అన్నీ కదిపి చూడండి. బ్లేడ్ల బెల్టు తీసేసి నడిపితే మోత పోయిందా, ఇంజన్ని తిట్టకండి, తప్పు కింద బ్లేడ్లుండే డెక్కులో ఉంది.

బయట ఏమీ దొరక్కపోతే అసలు కథ మొదలవుతుంది. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

మీ ఇంజన్లో సిలిండరు పోత ఇనుము. పిస్టన్ అల్యూమినియం. కనెక్టింగ్ రాడ్ కూడా అల్యూమినియమే, మధ్యలో షెల్ బేరింగు (విడిగా వేసే పల్చటి రేకు) లేకుండా నేరుగా క్రాంకు పిన్ను మీద తిరుగుతుంది. వేడెక్కితే అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం రోగం తెలిసిపోతుంది. పిస్టన్ సిలిండరు లోపల ఉంది కాబట్టి వేడికి ఉబ్బి ఖాళీని పూడుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు టకటకలాడి, నాలుగైదు నిమిషాలకు సర్దుకుందంటే పిస్టన్ గోడకు తగులుతున్నట్టే. కొంచెమైతే భయం లేదు. రాడ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అది పిన్ను చుట్టూ ఉంది. వేడెక్కి సాగితే దాని రంధ్రం పెద్దదై ఖాళీ పెరుగుతుంది. పైగా వేడికి ఆయిల్ పలచబడుతుంది. కాబట్టి మొదట్లో మెల్లగా ఉండి, వేడెక్కేకొద్దీ పెరిగే తట్టుడు రాడ్ వైపు వేలు చూపిస్తుంది. అక్కడ ఉండాల్సిన ఖాళీ తల వెంట్రుక మందం కూడా కాదు.

ఇంకో పరీక్ష. సగం వేగంలో ఉండగా తాళం తిప్పి ఆపేసి వినండి. ఫ్లైవీలు బరువుకి ఇంజను మరికొన్ని చుట్లు తిరుగుతుంది, కానీ లోపల మంట ఉండదు. తట్టుడు ఠక్కున మాయమైతే అది మంట తెచ్చిన మోత కావచ్చు, ముందు టైమింగు చూసుకోండి. ఆఖరి చుట్టు దాకా తగ్గుతూ వినిపిస్తే అది లోహం లోహాన్ని కొట్టడం. మా పెద్ద ట్రాక్టర్లకైతే ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్దో పట్టేసేవాళ్లం. మీది ఒక్క సిలిండరు, ఆ సుఖం లేదు.

పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను బాడీకి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే డాక్టరు గొట్టంలా పనిచేస్తుంది. వాల్వుల దగ్గర సన్నగా టిక్ టిక్‌మంటే టాపెట్ క్లియరెన్సు, అంటే వాల్వుకీ దాన్ని నెట్టే టాపెట్‌కీ మధ్య ఖాళీ. పైన హెడ్డు దగ్గర గట్టిగా టంగ్‌మంటే పిస్టన్ పైకొచ్చి దేనికో తగులుతోంది. బోరు పెద్దది చేయించారు కదా, పాత సైజు గాస్కెట్ అంచు లోపలికి పొడుచుకు వచ్చి ఉండొచ్చు. కింద బొద్దుగా డబ్ డబ్‌మంటే క్రాంకు, రాడ్. ఫ్లైవీలు వైపుకి మాత్రం స్క్రూడ్రైవరు తీసుకుపోవద్దు.

ఇక నా అనుమానం. మీ మొదటి వీడియో చల్లగా ఉన్నప్పటిది, రెండోది గడ్డి కోసి వచ్చాక తీసింది. రెండోదాంట్లో మోత లావుగా ఉంది. ఫోను మైకు అబద్ధాలాడుతుంది కాబట్టి దీని మీదే ఒట్టు పెట్టను. కానీ మీరు కొన్న సామాన్ల లిస్టు మళ్లీ తీసి చదివాను. పిస్టన్ ఉంది, రింగులున్నాయి, గాస్కెట్ సెట్టుంది. కనెక్టింగ్ రాడ్ లేదు. క్రాంకు పిన్ను కొలిపించినట్టు కూడా ఎక్కడా లేదు. అరిగిన పిన్ను గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా అవుతుంది. కొత్త రింగులతో కంప్రెషన్ పెరిగి, ఆ దెబ్బంతా పాత రాడ్ మీద పడుతూ ఉండొచ్చు.

పరీక్షలన్నీ అయ్యాక కూడా రాడ్ మీదే అనుమానం నిలిస్తే అప్పుడు విప్పండి. ఆయిల్ వంపేటప్పుడు తెల్లటి గిన్నెలోకి వంపి, వెండి పొడిలా మెరుస్తోందేమో చూడండి. రాడ్ మీదా, పిన్నుని రెండో వైపు నుంచి పట్టే దాని క్యాప్ మీదా ఒకే వైపు గుర్తులుంటాయి, అవి ఎదురెదురుగా ఉన్నాయో లేదో విప్పకముందే ఫోటో తీయండి. క్యాప్ తిరగేసి బిగించినా ఇదే మోత వస్తుంది. తర్వాత పిన్ను మీద ప్లాస్టిగేజ్ అనే మెత్తటి కొలత దారం ముక్క పెట్టి, క్యాప్ టార్క్ ప్రకారం బిగించి, క్రాంకు తిప్పకుండా విప్పండి. దారం ఎంత వెడల్పుగా నలిగితే ఖాళీ అంత తక్కువ, ప్యాకెట్ మీద కొలబద్ద ఉంటుంది. అలాగే మైక్రోమీటరుతో పిన్నును రెండు దిక్కులా కొలవండి. గుడ్డులా తేలితే క్రాంకును 10 థౌ (అంగుళంలో వెయ్యింట పది వంతులు) గ్రైండింగ్ చేయించి, దానికి సరిపోయే అండర్‌సైజ్ రాడ్ వేయాలి. ఎమెరీ పేపరుతో రుద్దేసి సరిపెడదామని చూడకురా పెద్దోడా, నీ సంగతి నాకు తెలుసు.

అప్పటిదాకా గడ్డి పెరిగితే పెరగనివ్వండి. ఈ అల్యూమినియం రాడ్ విరిగిందంటే ఇంజను బ్లాకుకి కిటికీ పెట్టి బయటికొస్తుంది. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

వచ్చే శనివారం చల్లగా ఒకటి, పది నిమిషాలు నెమ్మదిగా నడిపాక ఒకటి, తాళం ఆపేసేటప్పుడు ఒకటి, మొత్తం మూడు వీడియోలు తీయండి. ఫోను ప్రతిసారీ ఒకే చోట, ఒకే దూరంలో పెట్టండి. వెనకాల పాటలు పెట్టకండి.

మీ తాతయ్య