జోన్స్ ఐలాండ్: ఎవరి నేల, ఎవరి మురుగు

అమెరికాలోని మిల్వాకీ నగరం తన నదుల అడుగున, రేవు అడుగున పేరుకున్న బురదను తవ్వి తీసే పనిలో పడింది. ఒక శతాబ్దం పాటు కర్మాగారాలు వదిలిన పీసీబీలనే విష రసాయనాలు, భారలోహాలు, తారు, నూనె ఆ బురదలో ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని అయిదు మహాసరస్సుల చుట్టూ బాగా చెడిపోయిన చోట్ల జాబితాను అమెరికా, కెనడా 1987లో తయారు చేసినప్పుడే మిల్వాకీ నదీముఖం అందులోకి ఎక్కింది. తవ్విన బురద ఎక్కడ పోయాలన్న ప్రశ్నకు జవాబు జోన్స్ ఐలాండ్ అనే చోటున్న పోర్టు దగ్గరే దొరికింది. పోర్టు దక్షిణ కొసన, మిషిగన్ సరస్సులోనే, దాదాపు 42 ఎకరాల మేర చుట్టూ గోడ కట్టి అందులో నింపుతారు. నిండిన తర్వాత అది గట్టి నేల అవుతుంది, పోర్టుకు దక్కుతుంది.

జోన్స్ ఐలాండ్ సంగతి ఎరిగినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. నగరం తాను చూడదలచుకోని వాటిని తెచ్చి ఆ మూల పెట్టడం, అందుకోసం సరస్సును పూడ్చి నేల చేయడం చాలా పాత అలవాటు. దాని వెంట నడిచే మరో అలవాటు కూడా ఉంది. ముందు మనుషులు వస్తారు, కాగితాలు తర్వాత వస్తాయి, చివరికి కాగితాలే నెగ్గుతాయి.

పేరులో ఐలాండ్ ఉన్నా అది ద్వీపకల్పం. నడుమ కొంతకాలం నిజంగానే ద్వీపంగా ఉండింది. 1830ల నాటికి మిల్వాకీ నది ఇప్పటిలా తూర్పుకు తిరిగి తిన్నగా సరస్సులో కలిసేది కాదు. సరస్సుకు కూతవేటు దూరానికి వచ్చి కూడా, అడ్డంగా పడి ఉన్న ఇసుక దిబ్బ వెంట దక్షిణంగా సాగి, కిన్నికినిక్ నదిని కలుపుకొని, ఇంకా కిందికి పోయి సరస్సును చేరేది. దిబ్బకు లోపలివైపు అంతా చిత్తడి, అందులో అడవి వరి. పొటావాటమీ, మెనామనీ జాతుల ప్రజలు ఆ ధాన్యం మీద, చేపల మీద బతికారు. 1831, 1833లలో జరిగిన ఒప్పందాలతో ఇక్కడి భూములు అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్లాయి. ఆ నేలకు సంబంధించిన మొదటి కాగితాలు అవే.

కొత్తగా వచ్చిన వ్యాపారులకు వంకర తిరిగిన నది నచ్చలేదు. ఓడలు లోపలికి రావాలంటే నది సరస్సులో కలిసే మొగ లోతుగా ఉండాలి. సహజమైన మొగలో ఇసుక మేట వేస్తూనే ఉంటుంది. ఉత్తరాన, నది సరస్సుకు దగ్గరగా వచ్చే చోట, దిబ్బను అడ్డంగా కోసేస్తే సరిపోతుందని ఊరివాళ్లు వాదించారు. 1840ల్లో వచ్చిన సైన్యపు ఇంజినీర్లు వారి మాట పెడచెవిన పెట్టి పాత మొగ దగ్గరే కట్టడాలు కట్టారు. చివరికి నగరమే పూనుకొని 1857లో తిన్నటి కాలువ తెరిచింది. ఇప్పటి నౌకాశ్రయ ద్వారం అదే. ఆ కోతతో దిబ్బ ఉత్తరపు కొస తెగి ద్వీపమైంది. క్రమంగా పాత మొగ పూడిపోయి, పూడ్చబడి, దక్షిణం వైపు నేలకు అతుక్కుంది. పుట్టినప్పుడు ఉత్తరాన అంటుకొని ఉన్న ద్వీపకల్పం ఇప్పుడు దక్షిణాన అంటుకొని ఉంది.

పేరు వచ్చింది జేమ్స్ మన్రో జోన్స్ అనే ఓడల నిర్మాత నుంచి. ఆయన 1854లో అక్కడ ఓడలు కట్టే యార్డు పెట్టాడు. కొన్నేళ్లకే తుపాను దాన్ని దెబ్బతీసింది, ఆయన వెళ్లిపోయాడు. నాలుగేళ్లకు మించి నిలవని మనిషి పేరు మిగిలింది. యాభై ఏళ్లు కాపురాలు చేసిన మనుషుల పేరు ఆ నేలకు రాలేదు.

ఆ మనుషులు కషూబులు. బాల్టిక్ సముద్ర తీరంలో, ఇప్పటి ఉత్తర పోలండ్‌లో, హెల్ అనే సన్నని ఇసుక ద్వీపకల్పం ఉంది. అప్పట్లో అది ప్రష్యా పాలనలో ఉండేది. పోలిష్‌కు దగ్గరి భాష మాట్లాడే కాథలిక్ జాలర్లు వీళ్లు. ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కాథలిక్ చర్చి మీద, పోలిష్ భాష మీద ఒత్తిడి పెంచిన కాలంలో, 1870ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు కదిలాయి. అమెరికాలో పొలాలు, గనులు, మిల్లులు ఎన్ని ఉన్నా వీళ్లు వచ్చి ఆగింది మళ్లీ ఒక ఇసుక దిబ్బ మీదే. ఒకవైపు సరస్సు, మరోవైపు నది, పడవ కట్టుకోవడానికి చోటు. అంతకు మించి వాళ్లకు అక్కరలేదు. వాళ్లతో పాటు బాల్టిక్ తీరపు పొమరేనియా నుంచి జర్మన్ జాలర్లు కూడా వచ్చారు.

1890ల చివరికి అక్కడ దాదాపు 1,600 మంది ఉండేవారు. వీధులకు కొలతలు లేవు. ఎవరికి తోచిన చోట వాళ్లు చెక్క ఇళ్లు వేసుకున్నారు, మధ్యన సందులు వాటంతట అవే ఏర్పడ్డాయి. ఇంటి ముందు వలలు ఆరబెట్టే పెద్ద చెక్క రాట్నాలు, పక్కన చేపలు పొగబెట్టే పాకలు. ట్రౌట్, వైట్‌ఫిష్, స్టర్జన్, హెర్రింగ్, పెర్చ్ పట్టేవారు. మంచి ఏడాదిలో పట్టుబడి దాదాపు 20 లక్షల పౌండ్లని అంటారు. సారాయి దుకాణాలకు లోటు లేదు. నగరంలోని మధ్యతరగతి జనం ఆదివారాలు సరదాగా అక్కడికి వచ్చి, వేయించిన చేపలు తిని, బీరు తాగి, ఇదంతా ఎంత వింతగా ఉందో అని మాట్లాడుకుంటూ వెళ్లేవారు. వింతగా చూసే చూపుకూ ఖాళీ చేయించే చూపుకూ మధ్య దూరం పెద్దగా ఉండదు.

ఇక్కడివారిలో ఎవరి దగ్గరా పట్టా లేదు. హెల్‌లో తీరం ఎవరి సొత్తని ఎవరూ అడగలేదు, ఇక్కడా అడగరనుకున్నారు. అడిగినది ఇలినాయ్ స్టీల్ కంపెనీ. దక్షిణాన ఆనుకొని ఉన్న బే వ్యూలో 1868లో మొదలైన ఇనుప మిల్లు 1889లో ఈ కంపెనీలో కలిసిపోయింది. అదే మిల్లు వైపు, 8 గంటల పనిదినం కోసం 1886 మే 5న నడిచిన కార్మికుల మీద రాష్ట్ర సైనికదళం కాల్పులు జరిపి కనీసం ఏడుగురిని చంపింది. ఊరేగింపులో పోలిష్ కార్మికులే ఎక్కువ. ఆ ఇనుప మిల్లు కొత్త యజమాని ద్వీపకల్పం తనదని దస్తావేజులు చూపించి, 1890ల్లో జాలర్ల మీద ఖాళీ చేయమని దావాలు వేసింది.

ఈ దావాలు విస్కాన్సిన్ సుప్రీం కోర్టు దాకా వెళ్లాయి. అక్కడి కాపురస్తులు బుద్జిష్, బిలొట్‌ల మీద వేసిన కేసుల్లో 1900, 1901లలో వచ్చిన తీర్పులను అమెరికా న్యాయవాదులు చాలాకాలం ఉటంకించారు. వాదమంతా అనుభవ హక్కు చుట్టూ తిరిగింది. పరాయి నేలను బహిరంగంగా, ఎడతెగకుండా 20 ఏళ్లు అనుభవిస్తే హక్కు పుడుతుందని ఆ రాష్ట్ర చట్టం. మన దేశంలో ప్రైవేటు భూమికి అది 12 ఏళ్లు, ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు. కాబట్టి ఈ తగాదా రుచి మనకు కొత్త కాదు. కంచె ఎప్పుడు వేశారు, ఎవరి నుంచి ఎవరు కొన్నారు, వల ఆరబెట్టడం అనుభవం కిందికి వస్తుందా, ఇలాంటి ప్రశ్నలు ఇంటింటికీ విడివిడిగా తేల్చాల్సి వచ్చింది. దిబ్బ అంచులు ఏటా మారుతుంటాయి, కొంత కోసుకుపోతుంది, కొంత మేట వేస్తుంది. అటువంటి చోట ఇరవై ఏళ్లుగా ఇదే హద్దు అని రుజువు చేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. దావాలు ఏళ్ల తరబడి సాగాయి. కంపెనీ ఒక్కసారిగా అందరినీ తుడిచిపెట్టలేకపోయింది. ఆ పని నగరం చేసింది.

నగరానికి రెండు అవసరాలు వచ్చిపడ్డాయి. ఒకటి పెద్ద రేవు, రెండోది మురుగు. రేవు సంగతి అందరికీ అర్థమయ్యేదే. మురుగు సంగతి కొంచెం చెప్పాలి. మిల్వాకీ తోలు పరిశ్రమకు, బీరుకు పేరు మోసిన ఊరు. వాటి వ్యర్థాలు, ఇళ్ల మురుగు నదిలోకే పోయేవి. వేసవిలో కంపు భరించలేక 1888లో ఒక సొరంగం తవ్వి, సరస్సు నీళ్లను పంపుతో నదిలోకి తోసి, మురికిని కడిగేశారు. కడిగింది ఎక్కడికి వెళ్లింది? సరస్సులోకే. 1874 నుంచి ఊరు తాగుతున్నది ఆ సరస్సు నీళ్లనే. కిన్నికినిక్ కంపుకు కూడా 1907లో అదే వైద్యం చేశారు. టైఫాయిడ్ పోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

1913లో మురుగునీటి కమిషన్ ఏర్పడింది. చీఫ్ ఇంజినీరు టి. చాక్లీ హాటన్. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ 1914లో ప్రకటించిన కొత్త పద్ధతిని ఈయన వెంటనే పట్టుకున్నాడు. మురుగునీటిలోకి గాలి ఊదితే సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తిని పెరుగుతాయి, గాలి ఆపితే మడ్డిగా అడుగున దిగుతాయి, ఆ మడ్డిలో కొంత తీసి కొత్త మురుగులో కలిపితే పని మళ్లీ మొదలవుతుంది. 1915లో జోన్స్ ఐలాండ్ మీదే ప్రయోగశాల పెట్టి పరీక్షించారు. 1925లో పెద్ద కేంద్రం నడవడం మొదలైంది. రోజుకు 8.5 కోట్ల గ్యాలన్ల సామర్థ్యం. అమెరికాలో ఈ పద్ధతితో అంత పెద్ద ఎత్తున కట్టిన మొదటి కేంద్రం అదే.

ఇక మడ్డి మిగిలింది. దాన్ని ఎండబెట్టి గుళికలుగా చేసి 1926 నుంచి ఎరువుగా అమ్మారు. మిలార్గనైట్ అని పేరు పెట్టారు. నెమ్మదిగా నత్రజనిని వదిలే గుణం వల్ల గోల్ఫ్ మైదానాలకు బాగా పనికొచ్చింది. వందేళ్లుగా అమెరికా పచ్చికబయళ్ల మీద చల్లుతున్నారు. కథ అంత తీపిగానే సాగలేదు. లోహపు పూత కర్మాగారాల నుంచి వచ్చే కాడ్మియం కలవడంతో ఒక దశలో కూరగాయల మళ్లకు వాడొద్దనాల్సి వచ్చింది. కర్మాగారాలు తమ మురుగును ముందే శుద్ధి చేసి వదలాలన్న నిబంధనలు వచ్చాక ఆ బెడద తగ్గింది. ఇప్పుడు ఏళ్ల తరబడి విడిపోకుండా ఉండే పీఫాస్ రసాయనాల వంతు.

కేంద్రం కోసం, రేవు కోసం 1914 నుంచి నగరం ప్రజావసరాల పేరుతో భూసేకరణ మొదలుపెట్టింది. 1920ల నాటికి దాదాపు అందరూ ఖాళీ అయ్యారు. మిల్వాకీ చరిత్రలో ఇక్కడొక చిక్కుముడి ఉంది. 1910లో ఎమిల్ సైడెల్, 1916 నుంచి 1940 దాకా డేనియల్ హోన్ అనే సోషలిస్టు మేయర్లు ఆ నగరాన్ని ఏలారు. శుభ్రమైన నీళ్లు, మురుగు కాలువలు, పార్కులు, అవినీతి లేని పాలన వాళ్ల గొప్ప. సొంత పార్టీలోనివారే కొందరు వాళ్లను మురుగు సోషలిస్టులని ఎగతాళి చేస్తే, వాళ్లు దాన్నే బిరుదుగా తగిలించుకున్నారు. కమిషన్ ఏర్పడిన 1913లో మేయరు సోషలిస్టు కాదన్నది నిజమే. కానీ సరస్సు తీరం ప్రైవేటు కంపెనీలది కాకుండా నగరానిదే కావాలని గట్టిగా పోరాడినవాడు హోన్. టైఫాయిడ్ నుంచి లక్షల మందిని కాపాడే పని అది, దాన్ని తప్పుపట్టడం నా వల్ల కాదు. అయినా కంపెనీ దావాలను ఏళ్ల తరబడి తట్టుకున్న పేద జాలర్లు చివరికి కార్మికుల పక్షాన నిలిచిన నగరం చేతిలోనే ఓడిపోయారన్నది మింగుడుపడని నిజం.

ఇంకొక కోర్టు కేసు దీన్ని మరింత తేటతెల్లం చేస్తుంది. గాలి ఊదే పద్ధతి మీద పేటెంట్లు మావి అంటూ యాక్టివేటెడ్ స్లడ్జ్ అనే సంస్థ నగరం మీద దావా వేసి గెలిచింది. కింది కోర్టు కేంద్రాన్ని ఆపేయమంది. 1934లో ఫెడరల్ అప్పీలు కోర్టు పేటెంటు ఉల్లంఘన నిజమేనంటూనే ఆ నిషేధాన్ని తీసేసింది. కేంద్రం ఆపితే నగరపు మురుగంతా శుద్ధి కాకుండా సరస్సులోకి పోతుంది, జనం ఆరోగ్యం ఏం కావాలి, నష్టపరిహారంతో సరిపెట్టుకోండి అంది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ తీర్పును ఇప్పటికీ చదువుతారు. ప్రజావసరం అన్న ఒకే వాదం ఆ ఇసుక దిబ్బ మీద మనుషులను లేపేసింది, యంత్రాన్ని నిలబెట్టింది.

ఆఖరి కాపురం ఫీలిక్స్ స్ట్రక్‌ది. చుట్టూ చమురు ట్యాంకులు, బొగ్గు కుప్పలు పెరుగుతున్నా 1943 దాకా తన సారాయి దుకాణం నడిపి, అప్పుడు ఖాళీ చేశాడు. ఉండనిచ్చినా ఆ బతుకు నిలిచేదా అంటే అనుమానమే. సముద్రపు లాంప్రీ అనే రక్తం పీల్చే జీవి ఓడల కాలువల గుండా మహాసరస్సుల్లోకి చొరబడింది. 1950ల నడిమికి మిషిగన్ సరస్సులో ట్రౌట్ దాదాపు అంతరించింది. అయితే వేట పోయి ఊరు వదలడం వేరు, ఊరు పోయి వేట వదలడం వేరు.

1959లో సెయింట్ లారెన్స్ జలమార్గం తెరుచుకుంది. సముద్రపు ఓడలు మిల్వాకీ దాకా రావచ్చని పోర్టు పెద్ద కలలు కంది. కంటెయినర్ ఓడలు ఆ కాలువలకు సరిపడనంత పెద్దవి కావడంతో కలలు సగంలోనే ఆగాయి. ఉప్పు, సిమెంటు, ఉక్కు, ధాన్యం మిగిలాయి. 1977లో ద్వీపకల్పం మీదుగా వంతెన తెరిచి, హోన్ పేరు పెట్టారు. రోజూ దాని మీదుగా వేలమంది కార్లలో పోతుంటారు. కింద ఒకప్పుడు ఊరుండేదని చాలామందికి తెలియదు. 1974లో కషూబుల పేరుతో ఒక చిన్న పార్కు వెలిసింది. నగరంలో అన్నిటికన్నా చిన్న పార్కు అదేనంటారు. ఒక లంగరు, కాస్త గడ్డి. పాత కుటుంబాల వారసులు ఏటా ఒకసారి అక్కడ కలుస్తారు.

శుద్ధి కేంద్రం కూడా అన్నీ శుద్ధి చేయలేకపోయింది. పాత మిల్వాకీలో వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోతాయి. పెద్ద వాన పడితే పొంగి సరస్సులో పడేవి, ఏటా 50, 60 సార్లు. పక్క రాష్ట్రం ఇలినాయ్ ఈ సంగతి మీద దావా వేసింది. 1972లో, మళ్లీ 1981లో దేశపు సుప్రీం కోర్టు తీర్పులు ఇచ్చింది. ఆ ఒత్తిళ్ల ఫలితంగా నేలకు 300 అడుగుల లోతున సొరంగాలు తవ్వి, పొంగే నీళ్లను దాచి, తర్వాత శుద్ధి చేసే ఏర్పాటు 1990ల మొదట్లో వచ్చింది. పొంగడం ఏడాదికి రెండు మూడుసార్లకు తగ్గింది. అది పూర్తిగా అక్కరకు రాకముందే, 1993 వసంతంలో దక్షిణపు మంచినీటి కేంద్రం గుండా క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కుళాయిల్లోకి వచ్చి దాదాపు 4 లక్షల మందిని జబ్బుపరిచింది. 50 మందికి పైగా చనిపోయారు. మొదట అనుమానం పశువుల పేడ మీదికి, వధశాలల మీదికి పోయింది. తర్వాత చేసిన జన్యు పరీక్షల్లో అది మనుషుల నుంచి వచ్చే రకమని తేలింది. నీళ్లు తీసుకునే గొట్టాన్ని సరస్సులో ఇంకా లోపలికి జరిపారు, ఓజోన్ శుద్ధి పెట్టారు.

ఇప్పుడు తవ్వుతున్న బురద ఈ పొరలన్నిటి మొత్తం. కొత్త గోడ లోపల నింపే నేల మీద ఏం వస్తుందో పోర్టు నిర్ణయిస్తుంది. 2023లో జోన్స్ ఐలాండ్ మీద ధాన్యం, పశుదాణా ఎగుమతి చేసే కేంద్రం మొదలైంది, అలాంటివి ఇంకా రావచ్చు. నది శుభ్రపడితే చేపలు తినవచ్చునన్న ఆశ కూడా ఉంది. పీసీబీల వల్ల ఇక్కడ పట్టిన చేపలను ఎంత తినాలో రాష్ట్రం ఇప్పటికీ హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికలు ఎత్తేయగలగడం ఈ పూడికతీత పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి.