పసుపు ఆకులు, నారింజ నీళ్లు: శాన్ హువాన్ గని పట్టణాల వెనకటి కథ

సెప్టెంబరు ఆఖరి వారం వచ్చేసరికి అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నైరుతి మూల కొండలు బంగారు పసుపుకి తిరుగుతాయి. ఆస్పెన్ చెట్ల ఆకులు రాలేలోపు కొద్ది రోజులే ఉండే ఆ రంగు కోసం డెన్వర్ నుంచి, డల్లాస్ నుంచి జనం కార్లు వేసుకుని వస్తారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. డురాంగోలో పాతకాలపు రైలెక్కి సిల్వర్టన్ చూడటం, మిలియన్ డాలర్ హైవే మీద యూరే వెళ్లడం, అక్కణ్నుంచి టెల్యురైడ్, ఇదీ మామూలుగా వేసుకునే ప్లాన్. సిల్వర్టన్ అంచున పారే సిమెంట్ క్రీక్ వాగులో రాళ్లు తుప్పు రంగులో ఎందుకున్నాయో మాత్రం చాలామంది పట్టించుకోరు. అది తెలియాలంటే 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

శాన్ హువాన్ అనే ఈ కొండలు యూట్ జాతివాళ్లవి. కొలరాడో పశ్చిమ భాగం వాళ్లదేనని 1868లో అమెరికా ప్రభుత్వం ఒప్పందం రాసిచ్చింది. ఐదేళ్లు తిరక్కుండానే బంగారం, వెండి కోసం జనం ఎగబడ్డారు. 1873లో బ్రూనో ఒప్పందం పేరుతో శాన్ హువాన్ కొండలను యూట్‌ల చేతి నుంచి తీసేసుకున్నారు. ఆ చర్చల్లో వాళ్ల తరఫున నిలబడ్డ నాయకుడు యూరే. కొండలు పోయాక ఒక గని పట్టణానికి ఆయన పేరు పెట్టారు. ఆయన 1880లో చనిపోయాడు, మరుసటి ఏడాదే ఆయన మనుషులను యూటా వైపు తరిమేశారు.

1874లో సిల్వర్టన్ వెలిసింది. 9,300 అడుగుల పైచిలుకు ఎత్తులో, చలికాలమంతా మంచులో కూరుకుపోయే చోట ఖనిజం తవ్వడం ఒక ఎత్తు, దాన్ని కిందికి దించడం ఇంకో ఎత్తు. రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన ఆటో మియర్స్ కొండ అంచులు చెక్కి టోల్ రోడ్లు వేశాడు. ఇవాళ్టి మిలియన్ డాలర్ హైవేకి పునాది ఆ రోడ్డే. లోయ పక్కన చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు కాబట్టి కొత్తగా నడిపేవాళ్లకు టెన్షన్ తప్పదు. 1882లో డురాంగో నుంచి నేరోగేజ్ రైలు కూడా వచ్చాక సిల్వర్టన్ దశ తిరిగింది. 1893లో అమెరికా ప్రభుత్వం వెండి కొనుగోలు చట్టాన్ని రద్దు చేయగానే వెండి ధర కుప్పకూలి, దాన్నే నమ్ముకున్న ఊళ్లు చాలా ఖాళీ అయ్యాయి.

మిగిలిన ఊళ్లను బంగారం నిలబెట్టింది. ఈ భాగం తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఐర్లాండ్ నుంచి వచ్చిన టామ్ వాల్ష్ 1896లో యూరే పైనున్న పాత వెండి గనుల్లో, ముందువాళ్లు వదిలేసిన రాయిలో బంగారం ఉందని పసిగట్టాడు. అదే క్యాంప్ బర్డ్ గని. 1902లో దాన్ని 50 లక్షల డాలర్లకు పైగా ధరకు అమ్మి వాషింగ్టన్‌లో స్థిరపడ్డాడు. ఆయన కూతురు ఎవలిన్ 1911లో భర్తతో కలిసి హోప్ వజ్రం కొన్నది. ఆ నీలి వజ్రం పుట్టిల్లు కృష్ణా తీరంలోని మన కొల్లూరు గని అని చరిత్రకారుల అభిప్రాయం. గోల్కొండ రాజ్యం నుంచి ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చేతుల మీదుగా 14వ లూయీ దగ్గరికి చేరిన రాయి, రెండు శతాబ్దాలు దాటాక యూరే బంగారంతో సంపన్నమైన ఇంటికి వచ్చింది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

పసుపు ఆకులకూ ఈ గనులతో సంబంధం ఉంది. సొరంగాలకు దుంగలు, బాయిలర్లకు కట్టెలు కావాలని అడవులు నరికారు, ఆ రోజుల్లోనే పెద్ద పెద్ద మంటలూ లేచాయి. ఆస్పెన్ పైన కాలిపోయినా కింద వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. బోసిపోయిన వాలులను ముందుగా ఆక్రమించేదీ అదే. ఇవాళ మనం ఫొటోలు తీసుకునే ఆస్పెన్ తోపుల్లో చాలావాటి వయసు ఆ కాలం నాటిదే.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడి రాతిలో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ దండిగా ఉంది. దానికి గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం ఇనుము, జింకు, కాడ్మియం లాంటి లోహాలను కరిగించి వాగులోకి మోస్తుంది. సిల్వర్టన్, యూరేల మధ్యనున్న రెడ్ మౌంటెన్ ఎర్రగా ఉండటం, కొంతమేర వాగులు రంగు మారడం మనిషి రాకముందే ఉన్నాయి. కానీ కొండ లోపల మైళ్ల కొద్దీ సొరంగాలు తవ్వడంతో గాలికీ నీటికీ వేల దారులు తెరుచుకున్నాయి.

1978 జూన్ 4న సన్నీసైడ్ గని పైనున్న ఎమ్మా చెరువు అడుగు ఊడి, నీళ్లన్నీ గనిలోకి దూకాయి. బురద సొరంగాల గుండా తన్నుకుంటూ కింద సిమెంట్ క్రీక్ ఒడ్డునున్న గ్లాడ్‌స్టన్ దగ్గర బయటపడింది. ఆ రోజు ఆదివారం కాబట్టి లోపల ఎవరూ లేరు, ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ గని 1991లో మూతపడింది. తర్వాత సొరంగాలకు కాంక్రీటు అడ్డుగోడలు కట్టారు. దాంతో కొండలో నీటిమట్టం పెరిగి పక్క గనుల్లోకి నీరు మళ్లిందని చాలామంది నిపుణులంటారు, కంపెనీ ఒప్పుకోలేదు.

2015 ఆగస్టు 5న గోల్డ్ కింగ్ గని దగ్గర పూడిపోయిన సొరంగం నోటిని ఫెడరల్ పర్యావరణ సంస్థ బృందం తవ్వుతుండగా లోపలి నీరు బద్దలుకొట్టుకుని వచ్చింది. 30 లక్షల గ్యాలన్లు, అంటే కోటి లీటర్ల పైమాటే. ఆ నీరు సిమెంట్ క్రీక్ గుండా వెళ్లి కలవడంతో ఆనిమస్ నది డురాంగో దాకా నారింజ రంగుకి మారింది. న్యూ మెక్సికో వైపు నవాహో జాతి రైతులు పంటకాలువలు కట్టేసుకోవాల్సి వచ్చింది. ఆ నది సదరన్ యూట్ రిజర్వేషన్ గుండా కూడా పారుతుంది. 1873లో కొండలు పోగొట్టుకున్నవాళ్ల వారసుల నేల అది. గనుల లాభంలో వాళ్లకు దక్కింది లేదు, మురుగు మాత్రం వాళ్ల మీదుగానే పోయింది. ఈ అన్యాయం టూరిస్టు బ్రోషర్లలో కనపడదు.

నిజానికి సూపర్‌ఫండ్ పథకం కింద కేంద్రం డబ్బుతో శుద్ధి చేసే దారి ముందునుంచే ఉంది. ఆ ముద్ర పడితే టూరిస్టులు రారేమోనని సిల్వర్టన్ ఏళ్ల తరబడి వద్దంది. గనులు పోయి ఆరేడు వందల మంది మిగిలిన ఊరికి ఆ భయం సహజమే, కానీ ఆ ఆలస్యానికి మూల్యం దిగువవాళ్లూ కట్టారన్నది నా అభిప్రాయం. చివరికి 2016 ఫిబ్రవరిలో ఊరే ఒప్పుకుంది, సెప్టెంబరులో 48 పాత గని ప్రాంతాలు జాబితాకెక్కాయి. గ్లాడ్‌స్టన్‌లో నీటి శుద్ధి ప్లాంట్ 2015 అక్టోబరు నుంచే నడుస్తోంది. టూరిస్టులు మాత్రం రావడం మానలేదు.

ఈ ఫాల్‌కి ప్లాన్ వేసుకునేవాళ్లు యూరే నుంచి ఉత్తరంగా ఓ గంట దూరంలోపే ఉన్న మాంట్రోజ్‌కి పూట కేటాయించండి. యూరే, ఆయన భార్య చిపెటా బతికిన పొలంలోనే అక్కడ యూట్ మ్యూజియం ఉంది, చిపెటా సమాధీ ఆ ఆవరణలోనే.