దొంగల్ని పట్టిన మార్షల్, డెన్మార్క్‌లో వదిలొచ్చిన పాత కేసులు

నేర చరిత్ర ఉన్న వలసదారుల్ని రానివ్వాలా వద్దా అని అమెరికాలో గొడవ లేచినప్పుడల్లా అదేదో ఈమధ్య పుట్టిన సమస్యలా మాట్లాడుతుంటారు. నిజానికి సొంత దేశంలో శిక్ష పడినవాళ్లను, దేశం వదిలిపోతే శిక్ష మాఫీ అన్న షరతు మీద ఓడెక్కినవాళ్లను ఆపాలని 1875 మార్చిలోనే పేజ్ చట్టం తెచ్చారు. ఆ చట్టం దెబ్బ ఎక్కువగా పడింది మాత్రం చైనా ఆడవాళ్ల మీద.

ఏడాది తిరక్కుండానే, 1876 జనవరిలో, క్రిస్ మాడ్సెన్ అనే ఇరవై నాలుగేళ్ల డెన్మార్క్ కుర్రాడు న్యూయార్క్‌లో దిగి, అదే నెలలో అమెరికా అశ్విక దళంలో చేరిపోయాడు. తను డెన్మార్క్ సైన్యంలో చేశానని, ఆ తర్వాత ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్‌లో (విదేశీయులను చేర్చుకునే ఫ్రాన్స్ సైనిక దళం) పోరాడానని చెప్పుకునేవాడు. చాలా ఏళ్ల తర్వాత డెన్మార్క్ రికార్డులు తిరగేస్తే బయటపడింది వేరే కథ: బిచ్చమెత్తడం, ఊళ్లు పట్టి తిరగడం, మోసం, వీటికి పడిన శిక్షలు. అక్కడి పోలీసులు ఇలాంటివాళ్లకు టికెట్ కొనిచ్చి మరీ అమెరికా ఓడ ఎక్కించేవాళ్లు. ఇప్పుడు గ్రీన్ కార్డ్ కోసం పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ చుట్టూ తిరిగే మనవాళ్లు ఇది వింటే ఏమంటారో!

ఇంతకీ ఆయన పోలీసు ఎలా అయ్యాడు? పదిహేనేళ్లు సైన్యంలో చేసి, క్వార్టర్‌మాస్టర్ సార్జెంట్‌గా లెక్కలూ సరుకులూ చూసి, 1891లో ఓక్లహోమాలో డిప్యూటీ యూఎస్ మార్షల్‌గా, అంటే కేంద్ర ప్రభుత్వం తరఫున నేరస్తుల్ని పట్టే అధికారిగా చేరాడు. అక్కడి పరిస్థితి తెలిస్తేనే ఇది అర్థమవుతుంది. 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం పన్నెండింటికి, ముందు చేరినవాళ్లకే భూమి అంటూ ప్రభుత్వం జనాన్ని అక్కడి భూముల్లోకి వదిలితే, సాయంత్రానికల్లా గత్రీ అనే చోట సుమారు పదివేల మంది గుడారాలు వేసుకున్నారు, కానీ 1890 మే దాకా ఆ ప్రాంతానికి సొంత ప్రభుత్వమే లేదు. అలాంటి చోట ఉద్యోగానికి వచ్చినవాడి పుట్టుపూర్వోత్తరాలు ఎవరడుగుతారు, గుర్రమెక్కి తుపాకీ పట్టగలిగితే చాలు.

జీతం సంగతి ఇంకా విచిత్రం. 1896 దాకా డిప్యూటీలకు నెల జీతం లేదు, అరెస్టుకు 2 డాలర్లు, తిరిగిన మైలుకు 6 సెంట్లు, అదీ బిల్లులు పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగితేనే. నిందితుడు కాల్పుల్లో చస్తే ఆ రెండు డాలర్లూ పోయినట్టే. సినిమాల్లో షెరీఫ్ కనిపించినవాణ్ణల్లా కాల్చేస్తాడు గానీ, డిప్యూటీకి శవం వల్ల పైసా లాభం లేదు. లెక్కలు రాయడం వచ్చిన మాడ్సెన్‌కి ఈ కాగితాల పని బాగా కలిసొచ్చి ఉంటుందని నా అనుమానం.

రైళ్లూ బ్యాంకులూ దోచే డాల్టన్ ముఠా 1892 అక్టోబరులో కాన్సాస్‌లోని కాఫీవిల్‌లో దెబ్బతిన్నాక మిగిలినవాళ్లను బిల్ డూలిన్ కూడగట్టాడు. వాళ్ల వెంటపడ్డవాళ్లలో మాడ్సెన్, బిల్ టిల్గ్‌మన్, హెక్ థామస్‌లను కలిపి ‘త్రీ గార్డ్స్‌మెన్’ అన్నారు. 1896లో డూలిన్‌ని టిల్గ్‌మన్ పట్టుకుంటే వాడు గత్రీ జైలు నుంచి తప్పించుకున్నాడు, చివరికి థామస్ బృందం చేతిలో చచ్చాడు. మాడ్సెన్ 1898లో స్పెయిన్‌తో యుద్ధం కోసం కూడగట్టిన రఫ్ రైడర్స్ అనే స్వచ్ఛంద అశ్విక దళంలో చేరాడు, 1911లో కొంతకాలం ఓక్లహోమాకు తాత్కాలిక మార్షల్‌గానూ ఉన్నాడు. 1944 జనవరిలో 92 ఏళ్ల వయసులో గత్రీలోనే పోయాడు, అప్పటికి జనానికి తెలిసింది ఫారిన్ లీజియన్ కథే.